ఒంటి గీత

జక్కయ్య వేరుశనగ కాయలకు ఒక్క గీతే పడింది.

కృపమ్మ ఆ కాగితపు పట్టీని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుంది. రెండో గీత రావలసిన చోటు తెల్లగా ఉంది. గోడ గడియారంలో ఐదు నిమిషాలు ఎప్పుడో దాటాయి. ఇంకో రెండు నిమిషాలు ఆగింది. రాలేదు. మళ్ళీ మొదటి నుంచి చేసింది. ప్రతి గోతంలోనూ ఐదు చోట్ల ఇనప గొట్టం గుచ్చి కాయలు తీసింది, వలిచింది, మిక్సీలో మెత్తగా కొట్టింది, గాజు సీసాలో మందునీళ్ళు పోసి చెయ్యి నొప్పెట్టేదాకా ఊపింది. మడ్డి అడుక్కి దిగాక పైన తేరుకున్న నీళ్ళలో కొత్త పట్టీ ముంచింది. ఈసారీ ఒంటి గీతే.

రెండు గీతలు పడితే కాయ మంచిది. ఒకటే పడితే అందులో బూజు విషం ఉన్నట్టు. ఆ విషం కంటికి ఆనదు, నాలిక్కి తెలియదు, వేపినా ఉడకబెట్టినా పోదు. ఏళ్ళ తరబడి తింటే లివర్ పాడవుతుంది, పసిపిల్లలకైతే ఎదుగూబొదుగూ ఉండదు. రెండేళ్ళ కిందట కంపెనీవాళ్ళు ఆమెను హైదరాబాదు తీసుకెళ్ళి వారం రోజులు నేర్పించిన చదువు ఇదే.

రెంటచింతల నుంచి మాచర్ల పోయే రోడ్డు పక్కన ఉంది ఆ కంపెనీ షెడ్డు. పద్నాలుగు మంది ఆడవాళ్ళు పని చేస్తారు. వేరుశనగ, జొన్న, పెసలు వేపి, పొడి కొట్టి, బెల్లం కలిపి 'బలిమి' అని పాకెట్లు కడతారు. అవి హాస్టళ్ళకు పోతాయి. చుట్టుపక్కల ఊళ్ళల్లో బరువు తక్కువున్న పిల్లల ఇళ్ళకు ఊరికే ఇస్తారు. కాయలు చిన్న రైతుల దగ్గరే, వాళ్ళ కల్లంలోనే కొంటామని, మధ్యలో ఇంకొకరు ఉండరని కంపెనీ మాట. గోడ మీద పెద్దక్షరాలతో రాయించారు కూడా: 'మీ చేలోంచి మీ పిల్లల కంచంలోకి.'

ఆ గోడ కిందే జక్కయ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు. పొద్దున వ్యానులో తన పన్నెండు గోతాల మీద కూర్చుని వచ్చాడు. కృపమ్మ బయటకు రాగానే లేచి, భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. ఇద్దరిదీ ఒకటే పేట. వరసకు బాబాయ్.

"రెండు మాట్లు చేశా బాబాయ్. ఒకటే గీత పడింది."

"గీతేంది? కాయ కొరికి చూడు. తియ్యగా లేదా?"

"కొరికితే తెలవదు బాబాయ్."

"వలిచి చూడు మరి. గింజ ఎంత నిండుగా ఉందో చూడు." గోతం మూతి విప్పి గుప్పెడు కాయలు తీసి ఆమె మొహం ముందు పట్టుకున్నాడు. "ఏడేకరాల ఆసామి కాయ కాదిది. ఎకరంన్నర కౌలు చేలో ముగ్గురం వొంగి పీక్కున్న కాయ."

"నాకు తెల్సు."

"తెల్సా? తుపాను మొదలవకముందే ఎండిన కాయలే ఇయ్యి. పట్టా కప్పుకోని తొమ్మిది రోజులు కూకున్నా. రేపొస్తది బండి, ఎల్లుండొస్తది బండి అన్నారు. లోపల ఆవిరి పట్టి చెమర్చినయ్. అది మీ గీతకి తెల్సుద్దా?"

కృపమ్మ తల దించుకుంది. ఆ తొమ్మిది రోజులూ వ్యాను గుంటూరు ఎగ్జిబిషన్‌లో ఉంది. కంపెనీ స్టాలు సామాను మోసింది. ఆ సంగతి షెడ్డులో అందరికీ తెలుసు.

కాయలు తిప్పి పంపే చీటీ మీద కారణాలు మూడే అచ్చు వేసి ఉన్నాయి. రైతు సరిగా ఆరబెట్టలేదు. రైతు తడి నేల మీద నిల్వ చేశాడు. రైతు చెడు కాయలు ఏరలేదు. ఏదో ఒకదానికి టిక్కు పెట్టాలి. బండి ఆలస్యమైందని రాయడానికి గడి లేదు. ఆమె పెన్ను కాసేపు గాల్లో ఆగి, రెండో దాని మీద పడింది. తర్వాత ఎర్ర సుద్ద తీసుకుని, పద్ధతి ప్రకారం పన్నెండు గోతాల మీదా అడ్డంగా నిలువుగా గీతలు కొట్టింది. గోనె గరుకుకు సుద్ద అరిగి వేళ్ళకంటింది.

జక్కయ్య ఆ చీటీ తీసుకుని చదవకుండానే మడిచాడు.

"మీ అమ్మ చచ్చిపోయినప్పుడు గొయ్యి తవ్వింది నేను," అన్నాడు మెల్లగా. "నువ్వేమో నా గోతాల మీద శిలవ గీస్తివి."

"తీసకపో బాబాయ్," అంది కృపమ్మ. "ఇయ్యాళ్టికల్లా తీసకపోవాలంట."

అది సోమవారం.

గురువారం మధ్యాహ్నం గురజాల నుంచి లారీ వచ్చింది. దించేటప్పుడు హమాలీలు "బాలకోటయ్యగారి సరుకు" అన్నారు. బాలకోటయ్యది గురజాలలో పెద్ద కొట్టు. వేరుశనగ, కంది, మిరప, ఏది కావాలన్నా దొరుకుతుంది. శనివారం హాస్టళ్ళకు పోవలసిన ఆర్డరు ఉంది. తుపాను వల్ల రైతుల కాయలు చాలడం లేదు. అందుకని ఈ ఒక్కసారికి బయట కొంటున్నామని మేనేజరు సుధీర్ బాబు పొద్దునే చెప్పాడు.

కృపమ్మ గొట్టం, పళ్ళెం పట్టుకుని లేచింది.

"దానికి టెస్టు అక్కర్లేదులే కృపమ్మా," అన్నాడు సుధీర్ బాబు, ఫోను చెవి నుంచి కొంచెం దూరం జరిపి. "ల్యాబ్ సర్టిఫికెట్ తోనే వచ్చింది. నువ్వు సంతకం పెట్టేస్తే చాలు."

ఆమె అలవాటు కొద్దీ నాలుగు గోతాల్లో గుచ్చింది. ఐదో గోతం మూతి కుట్టు విప్పి లోపలికి చెయ్యి పెట్టింది. చెయ్యి బయటికి తీసేసరికి వేళ్ళ చివర్లకు ఎర్రగా పొడి అంటుకుంది. మిరప కారమేమో అనుకుని వాసన చూసింది. కారం కాదు. గోతం అంచు మడిచి లోపలి వైపు తిప్పింది.

సగం చెరిగిన ఎర్ర గీతలు, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా.

కాయలు కుమ్మరించి, గోతం తిరగేసి, మళ్ళీ నింపి కుట్టారన్నమాట. ఇంకో గోతం విప్పింది, ఇంకోటి విప్పింది. నలభై గోతాల్లో పన్నెండు దొరికేసరికి చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కుంది. కాయలు వేపే రోస్టరు దగ్గర పని చేసే నజీమా చూసి, "ఏందక్కా, తేలు కుట్టిందా?" అని అరిచింది. కృపమ్మ ఏం లేదన్నట్టు తల ఊపి, ఆ పన్నెండు గోతాల్లోంచి కాయలు తీసుకుని లోపలికి వెళ్ళింది. వలిచి, కొట్టి, ఊపి, పట్టీ ముంచింది. ఏం వస్తుందో తెలిసి కూడా గడియారం ముందు నిలబడింది.

సుధీర్ బాబు ఆ పట్టీని చూశాడు. ఒంటి గీతే. చెడ్డవాడేం కాదు. పోయిన ఏడు నజీమా మొగుడికి యాక్సిడెంటు అయినప్పుడు సత్తెనపల్లి ఆస్పత్రి దాకా తన బండి మీద తీసుకెళ్ళినవాడు.

"నలభైలో పన్నెండు," అన్నాడు చివరికి. "మిగతా ఇరవై ఎనిమిదీ బాగున్నాయి కదా? అన్నీ కలిపి కొడితే పలచనైపోతుంది."

"విషం పలచనైతే విషం కాదా సార్?"

"ఆర్డరు పోకపోతే షెడ్డు మూసేస్తారు కృపమ్మా. పద్నాలుగు మందికి పనుండదు. ఆ పిల్లలకు పొడీ ఉండదు. అదీ ఆలోచించు." సరుకు బాగుందని రాసి ఉన్న చీటీ ఆమె ముందుకు జరిపాడు. "ఇక్కడ నీ సంతకం కావాలి. టెస్టు చేసే మనిషి సంతకం లేకపోతే హాస్టళ్ళవాళ్ళు తీసుకోరు."

ఆమె వెంటనే కాదనలేకపోయింది. ఇంటి దగ్గర మంచానికి అతుక్కున్న అత్త ఉంది, నర్సింగు చదివే కూతురుంది. "చేతికి మందునీళ్ళు అంటినయ్ సార్. పొద్దున పెడతా," అంది. సుధీర్ బాబు కూడా వెంటనే ఒత్తిడి చెయ్యలేదు. ఆమె మొహం వైపు చూడకుండా, "పొద్దున మిషను వేసేలోపు," అన్నాడు.

పొద్దుగూకే వేళకు కృపమ్మ తన ఇంటికి పోకుండా నేరుగా జక్కయ్య ఇంటికి వెళ్ళింది. జక్కయ్య వాకిట్లో గేదెకు చొప్ప వేస్తున్నాడు. ఆమెను చూసి కూడా చూడనట్టు వీపు తిప్పుకున్నాడు. ఆయన భార్య శౌరమ్మ మాత్రం, "రా అమ్మాయ్," అని పీట వేసింది. మూడేళ్ళ మనవరాలు చిన్నారి శౌరమ్మ చెంగు పట్టుకుని నిలబడింది. కాళ్ళు పుల్లల్లా ఉన్నాయి. వేసవిలో పిల్లల్ని తూచినప్పుడు బరువు చాలలేదని దానికి నెలనెలా పాకెట్లు ఇస్తున్నారు.

"కాయలు బాలకోటయ్యకి అమ్మావా బాబాయ్?"

"అమ్మా. మీరొద్దన్న తర్వాత కృష్ణలో కలపమంటావా?" చొప్ప కట్ట విసిరాడు. "ఆయన గీతలు గియ్యలా, శిలవలు గియ్యలా. గోతం లోపల చెయ్యి పెట్టి చూశాడు, తీసుకున్నాడు."

"అయ్యి మళ్ళీ మా షెడ్డుకే వచ్చినయ్."

జక్కయ్య చెయ్యి ఆగింది.

"గోతాలు తిరగేసి కుట్టి పంపిచ్చారు. లోపల నేను గీసిన గీతలున్నయ్. రేప్పొద్దున అన్నిట్లో కలిపి వేపుతారంట. నన్ను సంతకం పెట్టమన్నారు."

ఆయన నవ్వాడు. పళ్ళన్నీ కనిపించేలా, కానీ ఆనందం లేని నవ్వు. "నా చేతిలో ఉంటే చెడ్డయ్యా? ఆయన లారీ ఎక్కితే మంచియ్యా? బాగుందే మీ చదువు! పెట్టు, సంతకం పెట్టు. నేను అమ్ముకున్నా. ఎవురేం చేసుకుంటే నాకెందుకు?"

"నువ్వన్నది నిజమే బాబాయ్. బండి రాకపోడం మా తప్పే. చీటీలో నీ తప్పని రాశా, అది నా తప్పే." కృపమ్మ పిల్ల వైపు చూసింది. "కానీ కాయల్లో విషం ఉన్న మాట మాత్రం అబద్ధం కాదు. ఆ పొడి పాకెట్లు ఈ ఇంటికే వస్తయ్. ఈ పిల్లే తింటది."

జక్కయ్య మనవరాలి వైపు చూడలేదు. కొడవలి తీసి చూరులో గుచ్చి, గేదె వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. కృపమ్మ కొంతసేపు చూసి లేచింది. వెనక నుంచి పిలుస్తాడేమోనని మలుపు దాకా మెల్లగా నడిచింది. పిలవలేదు.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి నజీమా రోస్టరు వెలిగించింది. పక్కన కాయ కొట్టే మిషను తిరగడం మొదలైంది. హమాలీ మొదటి గోతం భుజానికెత్తుకున్నాడు. సుధీర్ బాబు చీటీ పట్టుకుని కృపమ్మ బల్ల దగ్గరికి వస్తున్నాడు. అప్పుడే గేటు దగ్గర ట్రాలీ ఆటో ఆగింది.

జక్కయ్య ఎవరితోనూ మాట్లాడకుండా లోపలికి నడిచి వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు, ఆదివారం చర్చికి వేసుకునేది. గోతాల వరస దగ్గర ఒక్కో మూతీ లాగి లోపల చూస్తూ పోయాడు. ఐదో దాని దగ్గర ఆగి దాని మీద కూర్చున్నాడు.

"ఎవరయ్యా నువ్వు? లెయ్యి," అన్నాడు సుధీర్ బాబు.

"నా పేరు జక్కయ్య. ఇయ్యి నా కాయలు. సోమవారం చెడ్డయని పంపిచ్చారు. మూడు రోజుల్లో ఎట్టా మంచియ్యయినయో అడుగుదామని వచ్చా."

"అమ్మేశావు కదా. ఇప్పుడవి నీవి కావు."

"అమ్మినోణ్ణి నేనే, పండిచ్చినోణ్ణి నేనే. నాకంటే బాగా ఎవురికి తెల్సుద్ది?" గోతం అంచు తిప్పి ఎర్ర గీతలు పైకి పెట్టాడు. "చదువు రాకపోయినా ఇది చదవొచ్చు."

నజీమా రోస్టరు స్విచ్చు కట్టేసింది. కాయ కొట్టే మిషను దగ్గరి మనిషి కూడా కట్టేసింది. ఒక్కసారిగా అందరికీ అందరి మాటలూ వినపడడం మొదలైంది.

సుధీర్ బాబు బాలకోటయ్యకు ఫోను చేసి స్పీకరు పెట్టాడు. బాలకోటయ్య గొంతు షెడ్డంతా వినిపించింది. "ఏందయ్యా జక్కయ్యా నీ గోల? నీ సరుకు ఎవురూ వద్దంటే నేను తీసుకున్నా. మేలు చేసినోడి మీదకే వస్తివా?"

"మేలే చేశావు కోటయ్యగారూ, కాదన్లా. గోతాలు తిరగెయ్యకుండా ఉంటే ఇంకా మేలయ్యేది. నువ్విచ్చింది నీకు తెచ్చిస్తా. నా కాయలు నాకియ్యి."

 ఫోను కట్టయిపోయింది.

సుధీర్ బాబు మెడ మీద చెమట తుడుచుకున్నాడు. ఆడవాళ్ళందరూ తననే చూస్తున్నారు. "కృపమ్మా," అన్నాడు, గొంతు కొంచెం పెంచి, "నువ్వు చెక్ చేశావు కదా. బాగానే ఉన్నాయని చెప్పు. చెప్పి ఈ రగడ ఆపు."

కృపమ్మ సొరుగు తీసి, నిన్నటి పట్టీని బల్ల మీద పెట్టింది. ఆ చేత్తోనే సంతకం లేని చీటీని తిరిగి ఆయన వైపు జరిపింది.

"ఒకటే గీత సార్," అంది. "సోమవారమూ ఒకటే. నిన్నా ఒకటే."

అరగంటకు హైదరాబాదు నుంచి ప్రత్యూష మేడం ఫోను చేసింది. కొనుగోళ్ళన్నీ ఆవిడ చేతిలో ఉంటాయి. ఆవిడ అరవలేదు. ఆ లారీ సరుకు మొత్తం ఆపెయ్యమంది, హాస్టళ్ళతో తాను మాట్లాడతానంది, ఎవరూ వీడియోలు తీయకుండా చూడమంది. సాయంత్రానికి మెయిలు వచ్చింది. సుధీర్ బాబు దాన్ని తెలుగులో చెప్పాడు. రేపటి నుంచి కృపమ్మ పాకింగులో ఉంటుంది. టెస్టు బల్ల దగ్గరికి వేరే అమ్మాయిని పంపుతారు. ఆమె ఊరి కాయల్లో రిస్కు ఎక్కువ ఉంది కాబట్టి ఈ ఏడాదికి ఆ ఊళ్ళో కొనడం ఆపేస్తున్నారు.

"గురజాల కొట్టులో?" అని అడిగింది నజీమా.

సుధీర్ బాబు ఫోను జేబులో పెట్టుకున్నాడు. "దాని గురించి ఏం రాయలేదు," అన్నాడు.

సాయంత్రం దాకా గేటు బయటే కూర్చున్న జక్కయ్య, బాలకోటయ్య డబ్బు తాను ఇచ్చేస్తానని చెప్పి తన పన్నెండు గోతాలూ ట్రాలీకి ఎత్తించాడు. కృపమ్మ ఆ గోతాల మీద కూర్చుని ఊరికి వచ్చింది. జక్కయ్య డ్రైవరు పక్కన కూర్చున్నాడు. ఊరి కాయలు కొనరన్న మాట తానే చెప్పాలి. దారిలో ఎన్నిసార్లు నోరు తెరిచినా గాలి హోరు అడ్డం వచ్చినట్టనిపించింది. ఇంటి ముందు గోతాలు దించుతుంటే చెప్పేసింది.

జక్కయ్య విన్నాడు. "అట్టనా," అన్నాడు. ఇంకో గోతం దించాడు. "రేపు పేటంతా నన్ను తిడతారు."

"నన్ను తిడతారు బాబాయ్."

"ఇద్దర్నీ తిడతారులే." మొదటిసారి ఆమె వైపు సూటిగా చూశాడు. "చేను గట్టున గొయ్యి తీసి పూడ్చేస్తా ఇయ్యి. గేదెక్కూడా పెట్టకూడదా?"

"వద్దు. పాలల్లోకొస్తది."

శౌరమ్మ లోపల నుంచి చెంబుతో నీళ్ళు, ఒక పళ్ళెం తెచ్చింది. పళ్ళెంలో వేపిన వేరుశనగ కాయలు, బెల్లం ముక్కలు. "పొద్దుననగా తిన్నదేమో. తిను తల్లీ," అంది. "మీ బాబాయ్ రాత్రి కూడు తినలా. నువ్వు చెప్పిన మాటే తల్చుకుంటా ఉన్నాడు."

కృపమ్మ ఒక కాయ తీసుకుని వలిచింది. గింజ మీది పొట్టు ఒక పక్క ముడతలు పడి, నల్లబారి ఉంది. వేళ్ళ మధ్య తిప్పి చూసింది.

"ఇయ్యి యాడియి పిన్నీ?"

"యాడియ్యేంది? మనయ్యే. ఏటా తిండికి రెండు గోతాలు తీసి పెట్టుకోమా? కాసిని రోజూ వేపి పెడతన్నా, చిన్నారి అదొక్కటే ఇష్టంగా తింటది."

పిల్ల గుమ్మంలో కూర్చుని ఉంది. బుగ్గ ఒకటి ఉబ్బి ఉంది. గుప్పిట నిండా గింజలు.

కృపమ్మ లేచి వెళ్ళి దాని ముందు కూర్చుంది. "ఇటియ్యి తల్లీ," అంది. పిల్ల గుప్పిట బిగించింది. ఆమె ఒక్కో వేలూ విప్పింది. నోట్లో వేలు పెట్టి నమిలిన ముద్ద బయటికి తీసింది. పిల్ల గుక్క పట్టి ఏడ్చింది. శౌరమ్మ పళ్ళెం కింద పెట్టి, "ఏమైందే, ఏమైంది?" అంటూ వచ్చి ఎత్తుకుంది.

"అదే కాయ పిన్నీ. ఆ చేలోదే. ఆ పట్టా కిందదే."

"వేపానుగా?"

"వేపితే పోదు."

వాకిట్లో జక్కయ్య చేతిలో గోతం జారింది. ఆయన గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. కృపమ్మ మొహంలోకి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అదే ఆమెకు భరించలేనిదైంది.

"సోమవారం చెప్పలేదేందే?" అన్నాడు. "తీసకపో అన్నావు. తినొద్దని ఎందుకు చెప్పలా?"

కృపమ్మ తన చేతిలోని నమిలిన ముద్ద వైపు చూసింది. వారం రోజుల చదువులో ఎవరూ ఆ మాట చెప్పలేదు. కంపెనీ పొడిలోకి ఏం రాకూడదో నేర్పారు. రానివ్వనిది ఎవరి ఇంటికి పోతుందో ఆమె అడగలేదు. రెండేళ్ళలో ఎన్ని గోతాల మీద ఎర్ర సుద్ద గీసింది? ఒక్కొక్కరి మొహమూ గుర్తు తెచ్చుకోబోయింది. గుర్తొచ్చినంత మేరకు అందరూ ఈ పేటవాళ్ళే, పక్క పేటవాళ్ళే. అందరికీ "తీసకపో" అనే చెప్పింది.

జక్కయ్య లోపలికి పోయి, ఆ రెండు గోతాలూ ఈడ్చుకొచ్చి మిగతా వాటి పక్కన పడేశాడు. పిల్ల ఇంకా ఏడుస్తూనే ఉంది.

శనివారం పొద్దున తోటివాళ్ళందరూ పనికి బయలుదేరారు. కృపమ్మ స్నానం చేసి, తల దువ్వుకుని, పేటలో మొదటి ఇంటి గడప ముందు నిలబడింది. ఆ ఇంటి ముసలమ్మ ఇన్నాసమ్మ అరుగు మీద కూర్చుని చింతకాయలు కొడుతోంది. ఊరి కాయలు కొనరన్న కబురు అప్పటికే ఆమె చెవిన పడింది.

"మళ్ళా ఎందుకొచ్చావే?" అంది తల ఎత్తకుండా. "మా కాయలు మీ కంపెనీకి పనికిరావంటగా."

"కంపెనీకి కాదత్తా." కృపమ్మ చూరుకు వేలాడుతున్న చేట తీసుకుని ఆమె పక్కన అరుగు మీద కూర్చుంది. "మీరు తినేటియి ఏయో అయ్యి తీసుకరా. ముడతలు పడ్డయి, నల్లబారినయి ఇద్దరం కూర్చోని ఏరేద్దాం. విషం ఎక్కువుండేది అయ్యిట్లోనే."

ఇన్నాసమ్మ చేతిలో రాయి ఆపి, ఆమెను ఎగాదిగా చూసింది. తర్వాత మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి, లోపలికి వెళ్ళింది.